వనభోజనంలో కలివిమొక్కలు, కుక్కపిల్లలు: మీ వీధిలో ఎలా చేయాలి

వినాయకచవితి ముందు చందా పుస్తకం పట్టుకుని నలుగురు పిల్లోళ్లు వీధి మొదట్లో కనపడితే చాలు, మా కడపలో సగం ఇళ్లలో 'ఆయన ఊళ్లో లేడు నాయనా' అనే మాట తయారుగా ఉంటుంది. అట్లాంటి వీధిలో నేను ఒక ఏడాది కుక్కపిల్లలకు టీకాలు వేయించాలని చందాకు బయల్దేరాను. మూడో ఇంట్లోనే అడిగేశారు, "మనుషులకే దిక్కు లేదు సామీ, కుక్కలకు కూడా చందానా?" అని. సాయంత్రానికి నా చేతిలో 340 రూపాయలు, ఒక కప్పు కాఫీ, బోలెడన్ని సలహాలు.

తర్వాత పద్ధతి మార్చాం. మన నేల మీద వాటంతట అవే పెరిగే పొదమొక్కలను మేమే పెంచి, కార్తీకమాసంలో వీధి వనభోజనం రోజు అమ్ముతాం, ఆ డబ్బుతో కుక్కపిల్లలకు టీకాలు, వాటి తల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం, అదే రోజు కుక్కపిల్లల్ని అందరికీ చూపించి పెంచుకునే ఇళ్లు వెతుకుతాం. మూడేళ్లుగా చేస్తున్నాం. మొదటి ఏడాది బాగా దెబ్బ తిన్నాం, ఆ దెబ్బలు మీకు తగలకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

కార్తీకమే ఎందుకంటే, జనం ఎలాగూ ఒకచోట చేరి తినే నెల అది, వేరే ఫంక్షన్ పెట్టి పిలవాల్సిన పని లేదు. వీధికుక్కలు ఎక్కువగా ఈనేది కూడా వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లోనే. ఈశాన్య రుతుపవనాల తడి నేలలో ఇంకా ఉంటుంది, నాటిన మొక్క ఎండలు ముదిరే లోపల వేరు పోసుకోవడానికి మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. జూలైలో నాటితే ఇంకా మంచిదని అనేవాళ్లు ఉన్నారు, కాదనను, కానీ మా వైపు జూలై వాన ఎప్పుడొస్తుందో, వచ్చాక మళ్లీ ఎన్నాళ్లు మొహం చాటేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ముందు ముగ్గురు మనుషులు

పదిమంది కమిటీ, అధ్యక్షుడు, కార్యదర్శి, ఇవేవీ వద్దు. మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు ఒకరు, డబ్బు రాసేవాళ్లు ఒకరు, కుక్కల సంగతి చూసేవాళ్లు ఒకరు, అంతే. నీళ్లు పోసే మనిషి రోజూ ఇంటి పట్టున ఉండే మనిషి కావాలి. మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకామె చూసుకుంటుంది, ఆమె ఎండాకాలంలో కూతురి దగ్గరికి నాలుగు రోజులు వెళ్లిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోండి. మన దగ్గర వనభోజనాలు చాలావరకు కులాలవారీగా నడుస్తాయి, మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది వీధి భోజనం, వీధిలో ఉన్నవాళ్లందరిదీ అని ముందే చెప్పండి, పిలుపు ఇంటింటికీ ఒకే మాటగా వెళ్లాలి. మా వీధిలో ముస్లింల ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లలో కొందరు కుక్కను ఇంట్లోకి రానివ్వరు, అట్లాంటి ఇళ్లు మిగతావాళ్లలోనూ ఉంటాయి, ఎవరినీ బలవంతపెట్టొద్దు. కానీ గోరింట మొక్కలు మొదట అమ్ముడయ్యేది ఆ ఇళ్లకే, ఆ డబ్బు చేరేది కుక్కపిల్లలకే.

జనవరి నుంచి మే దాకా: గింజలు

ఆరు రకాలు చాలు: తంగేడు, కలివి (నల్లటి పళ్లు కాసే ముళ్లపొద), బలుసు గింజలతో, వావిలి, అడ్డసరం, గోరింట కొమ్మలతో. ఒకసారి నిలదొక్కుకున్నాయంటే మే నెలలో 42, 43 డిగ్రీల ఎండను తట్టుకోగల మొక్కలివి. తంగేడును, వావిలిని మేకలు కూడా పెద్దగా ముట్టవు, గేటు లేని వాకిళ్లకు అది చిన్న లాభం కాదు.

గింజలు చేని గట్ల మీద, రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద దొరుకుతాయి. రైతు పొలమైతే ఒక మాట అడిగి కోసుకోండి. మా జిల్లాలోని లంకమల అభయారణ్యంలో దూరి మాత్రం కోయొద్దు. అభయారణ్యం నుంచి మొక్కలు, కాయలు తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అదీగాక పది గింజల కోసం అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు.

తంగేడు గింజ పెంకు గట్టిది. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది కాయలు ఒలిచి నేరుగా కవర్లలో వేసి, నెలరోజులు రెండు పూటలా నీళ్లు పోసి, రోజూ వంగి చూసి, చివరికి వందకు పదో పన్నెండో మొలిచాయి. ఇప్పుడు చేసేది చెప్తాను. ఇంటి ముందు పరిచిన కడప బండలో నున్నగా లేని వైపు ఒకటి చూసుకుని, దాని మీద పిడికెడు గింజలు పోసి, పైన పాత గోనెగుడ్డ వేసి, అరచేత్తో చపాతీ పిండి రుద్దినట్టు గింజ మీద మెరుపు పోయేదాకా రుద్దుతాం. తర్వాత స్టీలు గిన్నెలో వేసి, కాగిన నీళ్లను పొయ్యి మీద నుంచి దించి రోంతసేపు ఆగి పోసి, మూత పెట్టి రాత్రికి వదిలేస్తాం. పొద్దున మూత తీస్తే తేడా కంటికే తెలుస్తుంది. నీళ్లు తాగిన గింజ ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది. తాగనిది ముందు రోజు ఎట్లా ఉందో అట్లే గట్టిగా అడుగున కూర్చుని ఉంటుంది. ఉబ్బినవి ఆ రోజే విత్తండి, మిగిలినవాటిని మళ్లీ బండకు రుద్దండి.

మట్టి కలపడం సులభం: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేరు మాడిపోతుంది. కవర్లు కొనకుండా వీధిలో ఇళ్ల నుంచి లీటరు పాల ప్యాకెట్లు కడిగించి దాయించండి, ఒక మూల మాత్రమే కత్తిరించి పాలు పోసుకోమని ముందే చెప్పాలి, లేకపోతే నడిమికి చింపినవి వస్తాయి. అడుగున నాలుగు బొక్కలు పొడవండి. గింజను దాని మందానికి రెండింతల లోతులో పెట్టి పైన పలచగా ఇసుక చల్లండి. మొలిచేదాకా తడి ఆరకూడదు, మొలిచాక మాత్రం చెయ్యి కట్టేసుకోవాలి, ఎందుకంటే ఈ మొక్కలు నీళ్లు లేక చచ్చేదానికన్నా మన ప్రేమ ఎక్కువై కుళ్లి చచ్చేవే ఎక్కువ. ఏప్రిల్, మే రెండు నెలలూ పచ్చ నెట్ కిందో, వేపచెట్టు కిందో పెట్టండి, మిద్దె పైన పెట్టొద్దు, ఆ వేడికి పాల కవరు లోపల మట్టి ఉడికిపోతుంది.

కలివి గింజను పండు నల్లబడ్డాక తీసి, గుజ్జు కడిగేసి, ఆరబెట్టి దాచకుండా వెంటనే విత్తాలి. దాస్తే మొలవదు. పెరగడం కూడా నిదానం, మొదటి కార్తీకానికి బెత్తెడే ఉంటుంది, ఎవరూ కొనరనిపిస్తుంది. కానీ మా దగ్గర మొదట అయిపోయేది అదే, కారణం కలివికోడి. ఈ పొదల మధ్య తిరుగుతుందనే ఆ పక్షికి ఆ పేరు. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ద్వారా లోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందని రాసేసుకున్నారు, 1986లో మన రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. ఆ తర్వాతే లంకమల అభయారణ్యం వచ్చింది. ఈ నాలుగు ముక్కలు ఒక చీటీ మీద రాసి మొక్కకు కడితే, బడిపిల్లలు వాళ్ల నాయనల చేతులు పట్టుకుని లాక్కొస్తారు. కాకపోతే వాకిట్లో కలివి నాటితే కలివికోడి వస్తుందని మాత్రం చెప్పకండి. అది రాత్రిపూట తిరిగే పక్షి, పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల కావాలి దానికి, మన వీధిలైట్ల కిందికి రాదు. పువ్వు వాసన, నల్లటి పళ్లు, వాటి కోసం వచ్చే పిట్టలు, ఇవి చాలు చెప్పడానికి.

వానలకు కొమ్మలు

జూన్, జూలైలో ఒక మంచి వాన పడ్డాక వావిలి, గోరింట, అడ్డసరం కొమ్మలు కోయండి. పెన్సిలంత లావు, జానెడు పొడవు, కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోస్తే ఏ చివర ఏదో గుర్తుంటుంది. మా పిల్లోళ్లు ఒకసారి ముప్పై కొమ్మలు తలకిందులుగా పాతారు, పది రోజులకు అన్నీ ఎండు పుల్లలయ్యాయి, ఆ పుల్లలతో వాళ్లే తర్వాత క్రికెట్ స్టంపులు చేసుకున్నారు. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి, ఆకులు పైన రెండు ఉంచి మిగతావి తుంచేయండి.

వావిలిని అమ్మాల్సిన పనే లేదు, పెద్దావిడ ఎవరైనా ఆ ఐదువేళ్ల ఆకును నలిపి వాసన చూసి "బాలింత నీళ్లలో వేసే ఆకు కదమ్మా ఇది" అంటుంది, పక్కనున్న నలుగురూ కొంటారు. అడ్డసరం దగ్గుకు మంచిదని అందరూ అంటారు, అయినా చీటీ మీద వైద్యం రాయకండి, పైగా అడ్డసరం గర్భిణులు తినకూడని ఆకు. బలుసు కథ వేరు. 'బతికుంటే బలుసాకు తినొచ్చు' అని మాట మాటకూ అంటాం కానీ ఆ బలుసాకు ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు వీధికి ఇద్దరుండరు. ఆ సామెతే చీటీ మీద రాసి పెట్టండి, ముళ్లున్న మొక్కని కూడా చెప్పండి.

అమ్మకూడనివి కూడా ఉన్నాయి. సర్కారు తుమ్మను, లాంటానాను ఎంత పూసినా తేవద్దు, అవి ఎక్కడివో వచ్చి మన పొదల చోటు తినేసినవి. ఇక కుక్కను పెంచబోయే ఇంటికి గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద వద్దని మీరే చెప్పాలి. పళ్లు వచ్చే వయసులో కుక్కపిల్ల దొరికిందల్లా నములుతుంది, గన్నేరు ఆకు నాలుగు ముక్కలు కడుపులోకి పోయినా గుండె మీద పడుతుంది. పూజకు గన్నేరు పూలు కావాలనే ఇల్లయితే చెట్టు చుట్టూ కంప కట్టమనండి, లేదా కుక్కపిల్లను ఆ ఇంటికి ఇవ్వకండి.

డబ్బు

మొదటి ఏడాది భోజనాల డబ్బు, మొక్కల డబ్బు ఒకే డబ్బాలో వేశాం. రాత్రికి లెక్క చూస్తే 1,150 రూపాయలు తేడా. ఎవరూ తినలేదు, గ్యాస్ బండకు ఇచ్చి ఎవరో రాయడం మర్చిపోయారు, కానీ ఆ వెయ్యి రూపాయల మాట వీధిలో ఆరు నెలలు తిరిగింది, నా దాకా వచ్చేసరికి ఐదు వేలయింది. అందుకని రెండు డబ్బాలు, రెండు పుస్తకాలు, ఇద్దరు మనుషులు. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ ఒకరి సొంత ఖాతాదైతే ఇంటి ఖర్చులతో కలిసిపోతుంది, ఇద్దరి పేర్ల మీద పొదుపు ఖాతా ఒకటి తెరిచి దానిదే పెట్టండి.

ధర ఒకటే పెట్టండి, బేరం వద్దు. మాకు మట్టి, ఎరువు, నెట్, చచ్చిపోయిన మొక్కల ఖర్చు కలుపుకుని ఒక్కోటి 12 రూపాయల దాకా పడింది, 40కి అమ్మాం. "ఈ కంపచెట్టుకు నలభయ్యా?" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు బోర్డు చూపించండి. బోర్డు మీద పెద్దక్షరాలతో 'ఇన్ని మొక్కలు అమ్మితే ఒక కుక్కపిల్లకు మొదటి టీకా' అని రాసి, మీ వెటర్నరీ డాక్టర్ చెప్పిన ఖర్చును బట్టి ఆ అంకె వేయండి, అమ్మినకొద్దీ సుద్దముక్కతో గీతలు గీయండి. గీత చూస్తే ఇంకో మొక్క కొంటారు, అది మనుషుల గుణం.

లక్కీ డ్రా పెడదామని ఎవరో ఒకరు అంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరం, వద్దనండి. పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని కూడా నోరు జారకండి, ఆదాయపన్ను శాఖ దగ్గర అందుకు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలే అది ఇవ్వగలవు. ఇక మన జిల్లాలో ప్రతి వీధికీ కువైట్‌లో ఒక అన్న ఉంటాడు, ఫొటో చూసి డబ్బు పంపుతానంటాడు. భారత పాస్‌పోర్టే ఉండి తన సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికాలోనో ఇంకెక్కడో పౌరసత్వం తీసేసుకున్న బంధువైతే మాత్రం, మనవాడే అయినా, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఆ డబ్బు తీసుకోకూడదు. కడపకు వచ్చినప్పుడు నాలుగు రోజులు మొక్కలకు నీళ్లు పోయమనండి, చాలు.

కుక్కపిల్లలు

ఇక్కడ నిదానంగా చదవండి, మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది.

మొదటి ఏడాది ఆరు పిల్లల్ని అట్టపెట్టెలో వనభోజనానికి తెచ్చి, అడిగినవాళ్లకు అక్కడే ఇచ్చేశాం. మధ్యాహ్నం రెండింటికల్లా పెట్టె ఖాళీ, మేం సంబరపడిపోయాం. నాలుగో రోజు ఒక పిల్ల మూడు వీధుల అవతల మురుగు కాలువ పక్కన కనపడింది, మెడకు మేం కట్టిన ఎర్ర రిబ్బన్ ఇంకా అట్లే ఉంది. ఇంకొకదాన్ని గేటుకు కట్టేసి ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయారు, మూడో పిల్లకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి, పార్వో అన్నారు, కుక్కపిల్లలకు వచ్చే వైరస్ జబ్బు, బతకలేదు. తిన్న అన్నం మత్తులో, పిల్లలు ఏడుస్తుంటే తీసుకున్న కుక్క అది, ఇంట్లో అమ్మను ఎవరూ అడగలేదు.

అందుకని ఇప్పుడు వనభోజనం రోజు చూపిస్తాం, ఇవ్వం. ఇవ్వడం వారం తర్వాత, వాళ్ల ఇంటికి మేమే తీసుకెళ్లి. ఈ వారంలో సగం మంది మనసు మార్చుకుంటారు, మార్చుకోనివ్వండి.

దసరా నుంచే వీధిలో ఏ కుక్క ఎప్పుడు ఈనిందో రాసుకోండి. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి పిల్లను విడదీయకూడదు, ఇచ్చే వారానికి నిండకపోతే నిండేదాకా ఆగండి. పాలు తాగుతూ, తోబుట్టువులతో కొరుక్కుంటూ పెరిగే ఆ రోజుల్లోనే ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో దానికి తెలుస్తుంది. రెండు వారాల వయసు నుంచి నులిపురుగుల మందు రెండేసి వారాలకు ఒకసారి, బరువును బట్టి డాక్టరు చెప్పినంత. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వోకు, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకు కలిపి వేసే మొదటి టీకా, మూడు నాలుగు వారాలకు ఒకసారి మళ్లీ, పదహారు వారాల వయసు దాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆ తర్వాత బూస్టర్, ఏటేటా మళ్లీ. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల దినం) పేరుతో ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు, 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించిన రోజది. పెద్ద కుక్కల్ని ఆ రోజుకు పెట్టుకుంటే మీ డబ్బు పిల్లలకు మిగులుతుంది. ఇంకో జాగ్రత్త, ఆవుపాలు పోయకండి, జాలిపడి గిన్నెల కొద్దీ పోస్తారు, పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి. కొంచెం పెద్దయ్యాక మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన గుడ్డు చాలు. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు చూసుకోండి.

తల్లికుక్కను మర్చిపోతే ఇదంతా ఏటిలో పిసికిన చింతపండే, వచ్చే కార్తీకానికి మళ్లీ ఆరు తయారు. పిల్లలు పాలు మానాక డాక్టరును అడిగి ఆపరేషన్ చేయించండి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ అయిన వీధికుక్కను పట్టిన చోటే వదలాలి, ఆటోలో వేసి ఊరవతల వదిలేద్దామనే పెద్దమనుషులకు ఆ ముక్క చెప్పండి. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో ఉండే కుక్కల గురించి 2025 నవంబరులో సుప్రీంకోర్టు వేరే ఆదేశాలిచ్చింది, వాటి సంగతి కార్పొరేషన్‌కు వదిలేయండి. అదే కోర్టు 2025 ఆగస్టులో చెప్పింది మనకు పనికొచ్చేది: వీధికుక్కను పెంచుకోవాలనుకునేవాళ్లు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒకసారి తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూడాల్సిన బాధ్యత వాళ్లదే. మేం పిల్లను ఇచ్చే ముందు కార్పొరేషన్ ఆఫీసులో రాయించుకునే పని కూడా ఆ వారంలోనే చేయిస్తాం. ఆఫీసు చుట్టూ ఒక్కసారి కూడా తిరగలేనివాళ్లు పదేళ్లు కుక్కను తిప్పలేరు.

తీసుకుంటామన్నవాళ్లను అడగాల్సినవి: ఇంట్లో అందరికీ ఇష్టమేనా (అందరినీ అడగండి, ముఖ్యంగా వంటింట్లో ఉన్న మనిషిని), అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా, పండక్కి ఊరెళ్తే ఎవరు చూస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది. చివరిదానికి "గేటు దగ్గర గొలుసేసి" అనే జవాబు వస్తే నవ్వుతూ నమస్కారం పెట్టేయండి. అందరూ "మొగదే కావాలి" అంటారు. ఆడపిల్లలు మిగిలిపోతాయి, మనుషుల్లో పోయిందనుకున్న బుద్ధి ఇక్కడ బయటపడుతుంది. ఆరు నెలల వయసులో ఆపరేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్తే కొంత మార్పు వచ్చింది, మా మొక్కల డబ్బులో ఎక్కువ భాగం దానికే పోతుంది.

తెల్లకాగితం మీద పేరు, చిరునామా, ఫోను, 'పెంచలేకపోతే వీధిలో వదలను, మీకే తిరిగి ఇస్తాను' అనే ఒక్క వాక్యం, సంతకం. కోర్టులో నిలుస్తుందా అని అడక్కండి. సంతకం పెట్టిన మనిషి చేతులెత్తేసేటప్పుడు కనీసం మీకు ఫోన్ చేస్తాడు.

చోటు, భోజనం, ఆ రోజు

కాలనీ పార్కు అయితే కార్పొరేషన్ అనుమతి, మైకు పెడితే పోలీసు అనుమతి, రెండూ పది రోజుల ముందే అడగండి. కొండ కిందికి, అడవి అంచుకు పోయి పొయ్యి వెలిగించే ఆలోచన వద్దు, ఎండుగడ్డి మీద ఒక్క నిప్పురవ్వ చాలు. ఉసిరిచెట్టు లేదని ఎక్కడినుంచో కొమ్మ నరుక్కొచ్చి పాతే అలవాటు ఉంది కదా, దాని బదులు కుండీలో ఉసిరి మొక్క పెట్టి పూజ చేసి, అయ్యాక ఎవరికో ఒకరికి అమ్మేయండి. వంట మీ ఇష్టం. మేం పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ, పప్పు పెట్టాం, ఎవరూ గొణగలేదు.

కార్తీకం దీపావళి అయిన ఒకటి రెండు రోజులకే మొదలవుతుంది, మొదటి ఆదివారం వద్దు, ఇంకా మిగిలిన టపాసులు కాలుస్తూనే ఉంటారు, ఆ చప్పుడుకు బెదిరిన పిల్ల రెండు రోజులు అన్నం ముట్టదు. రెండో ఆదివారమో మూడోదో పెట్టుకోండి.

మొక్కల బల్ల దారి మొదట్లో ఉండాలి, భోజనాలకు ముందే. తిన్నాక ఎవరూ ఏదీ కొనరు. కుక్కపిల్లలు దూరంగా, నీడలో, నాలుగు పట్టె మంచాలు నిలబెట్టి కట్టిన దడిలో, కింద గోనెసంచులు పరిచి. టీకా పడని పిల్లను అసలు తేవద్దు, దాని ఫొటో గోడకు అంటించండి. మొదటి టీకా పడినదైనా వేరే కుక్కలు తిరిగే నేల మీద వదలకండి. ముట్టుకునేవాళ్లు ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అక్కడొక బక్కెట్టు, మగ్గు, ఒక కఠినమైన మనిషి. రెండు గంటలు చాలు, పది నుంచి పన్నెండు, తర్వాత పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చేయండి. ఎవరికైనా పన్ను గీరినా సరే, సబ్బు పెట్టి పారే నీటి కింద పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి పంపండి. ప్రభుత్వాస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. "చిన్నపిల్లే కదా, దానికేముంది" అనేవాళ్ల మాట వినకండి, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టనివ్వకండి.

ఆ సాయంత్రమే, నిద్ర వస్తున్నా సరే, లెక్క రాసి పార్కు గేటుకు అంటించండి. వచ్చింది, పోయింది, మిగిలింది, ఎవరి దగ్గర ఉంది. వాట్సాప్‌లో పెడితే చాలదా అంటారు, చాలదు, ఫోన్ చూడని పెద్దవాళ్లే ఎక్కువ మాట్లాడతారు.

తర్వాత చేసే ఫోన్లు

పిల్లను దింపి వచ్చిన మూడో రోజు ఒక ఫోన్, పదిహేనో రోజు ఒకటి, ప్రతి బూస్టర్ తారీఖుకు ముందు రోజు ఒకటి. మూడో రోజు ఫోన్ ముఖ్యం, ఎందుకంటే రాత్రంతా అరుస్తోందని, మూల మూలా తడిపేస్తోందని విసుగెత్తి వదిలేసేది ఆ రోజే. పాత చీర ముక్క ఒకటి దాని తల్లి దగ్గర రెండు రోజులు ఉంచి పిల్లతోపాటు పంపితే ఆ వాసనకు కాస్త నిమ్మళిస్తుంది, మాకు ఇది బాగా పనిచేసింది. పెంచలేం అంటే తిట్టకండి, వెళ్లి తెచ్చేసుకోండి. ఒకసారి తిట్టామంటే రెండోవాళ్లు చెప్పకుండా వదిలేస్తారు.

మొక్క కొన్నవాళ్లకు ఫిబ్రవరిలో ఒక మెసేజ్, మే మొదటివారంలో ఇంకొకటి: మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు, పాదులో ఎండుటాకులు. చచ్చిపోయిందన్నవాళ్లకు మారుమాట లేకుండా ఇంకోటి ఇవ్వండి, అందుకే మేం ఇరవై మొక్కలు అమ్మకుండా దాచి పెడతాం. పోయిన మేలో ఒకాయన మా టీచరమ్మ ఇంటికి వచ్చి, "మేడమ్, మీ తంగేడు బాగానే ఉంది, మీ కుక్క దాని చుట్టూ గుంత తవ్వి అందులోనే పడుకుంటాంది, ఇప్పుడేం చేయాలి?" అని అడిగాడు. మొక్క చుట్టూ మూరెడు దూరంలో నాలుగు కడప బండ ముక్కలు నిలువుగా పాతమని, కుక్కకు ఇంకోపక్క వేపచెట్టు నీడలో తడి ఇసుక పోయమని చెప్పి పంపింది ఆమె. రెండు వారాలకు ఇద్దరికీ పేచీ తీరిపోయిందట.

జనవరి వచ్చేసరికి ఆ తంగేడు లాంటివాటికే కాయలు ఎండి గలగలమంటుంటాయి. పోయిన ఏడాది మొక్క కొన్న ఇళ్లకే గోనెసంచి పట్టుకుని వెళ్లండి, కాయలు కోసుకున్నట్టూ ఉంటుంది, కుక్క మెడలో పట్టీ బిగుసుకుపోయిందేమో చూసినట్టూ ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన పట్టీని మార్చడం చాలామంది మర్చిపోతారు, రెండు వేళ్లు దూరకపోతే అక్కడే విప్పించండి.